తాటిచెట్టు చుట్టూ కెమెరాలు, ఆగకూడని కరెంటు

నేను రిటైర్ కావడానికి రెండేళ్ళ ముందు, యాసంగి నాట్లు అయిపోయి పొలాలు పచ్చబడుతున్న రోజుల్లో, నన్ను జగిత్యాల జిల్లా సారంగాపూర్ మండలానికి ఫీల్డ్ డ్యూటీ మీద పంపారు. అప్పటికి నేను హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో సీనియర్ టెక్నికల్ ఆఫీసర్‌ని. మా ల్యాబ్ పని మనుషుల కదలికలను కొలవడం. బరువెత్తేవాడి నడుము ఏ క్షణంలో మెలిపడుతుంది, నడిచేవాడి మోకాలు ఎంత వంగుతుంది, ఇలాంటివన్నీ అన్ని వైపుల నుంచీ ఒకేసారి కెమెరాలతో తీసి లెక్క కడతారు. లెక్క కట్టేది సైంటిస్టులు. ఆ కెమెరాలు నిలబడటం, వాటికి కరెంటు అందటం, పని అయ్యేదాకా ఆగకుండా నడవటం నా బాధ్యత. సైంటిస్టుల వ్యాసాల్లో నా పేరు అట్టడుగున, కృతజ్ఞతల వరుసలో వచ్చేది. దాని మీద నాకు కోపమేమీ లేదు, కెమెరా నడిచినంతసేపు నన్నెవరూ తలుచుకోరని ఉద్యోగంలో చేరిన కొత్తలోనే తెలిసింది.

"మీ సొంత జిల్లానే కదా, అక్కడ మీకు ఇబ్బందేం ఉంటుంది" అన్నారు డైరెక్టర్ గారు. నేను పుట్టింది జగిత్యాలలోనే, నిజమే. కానీ నా ఉద్యోగంలో ఇబ్బంది ఎప్పుడూ ఊరితో రాలేదు, కరెంటుతోనే వచ్చింది.

ఈసారి ప్రాజెక్టు కల్లుగీత వాళ్ళది. గీత కార్మికుడు తాడిచెట్టు ఎక్కేటప్పుడు మోకు అనే లావుపాటి తాడును చెట్టు చుట్టూ తిప్పి, నడుముకున్న ముస్తాదు అనే నడుముకట్టుకు తగిలిస్తాడు. దాని మీద వెనక్కి వాలి, కాళ్ళు చెట్టుకు తన్నిపట్టి, మోకును పైకి ఎగరేసుకుంటూ ఎక్కుతాడు. మోకు జారిందా, అంతే సంగతులు. మా సంస్థ ఒక కొత్త బెల్టును తయారుచేసింది. మోకుతో పాటు ఇంకో పట్టీ చెట్టును చుట్టి ఉంటుంది. మోకు జారితే ఆ పట్టీ బిగుసుకొని మనిషిని ఆపాలి. ఆపుతుందా, ఆపినప్పుడు ఒంటిమీద బరువు ఎక్కడ పడుతుంది అన్నది చూడాలి. పాత పద్ధతిలో ఒకసారి, కొత్త బెల్టుతో ఒకసారి, అదే మనిషి అదే చెట్టు ఎక్కాలి. రెండూ మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా అన్ని కెమెరాల్లో ఉండాలి.

ఎక్కడానికి ఒప్పుకున్నాయన లింగయ్య గౌడ్. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. ఆయన అన్న చెట్టు మీది నుంచి పడి మంచం పట్టాడు. అందుకే ఈ బెల్టు సంగతి వినగానే ఎవరూ అడక్కముందే ముందుకు వచ్చాడట. ఆయన భార్య ఎల్లవ్వ మాత్రం మేము వచ్చిన రోజు నుంచీ మమ్మల్ని ఓరకంట కనిపెడుతూనే ఉంది. బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని, ఆకు చుడుతూ, మేము పైపులు బిగించిన చోటుకు కాస్త ఎడంగా కూర్చునేది. చేతులు బీడీల మీద, కళ్ళు మా మీద.

చెట్టు చుట్టూ, చెట్టుకు ఎక్కడా తగలకుండా, ఇండ్లు కట్టేవాళ్ళు వాడే సెంట్రింగ్ పైపులతో ఒక చట్రం లేపాం. దాని మీద కింది నుంచి పైదాకా పన్నెండు చిన్న కెమెరాలు. చట్రం నెత్తిన ఒక కప్పీ, దాని మీదుగా, ఎక్కేవాడి ఒంటికి కట్టే ఒక రక్షణ తాడు. అది కింద మా టెక్నీషియన్ల చేతుల్లో వదులుగా ఉంటుంది. అన్నీ తప్పితే అదే చివరి ఆధారం.

ఇక్కడ మా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. ఇన్ని కెమెరాలు కలిసి కొలత ఇవ్వాలంటే, ఏది ఎక్కడుంది, ఎటు చూస్తోంది అన్నది వెంట్రుకవాసి తేడా లేకుండా తెలియాలి. దానికోసం నలుపు తెలుపు గళ్ళ బోర్డు ఒకటి అన్ని కెమెరాలకూ తిప్పి తిప్పి చూపిస్తాం. ఇది గంటల తరబడి సాగే పని. ఆ తర్వాత ఒక్క కెమెరాను వేలితో తాకినా లెక్క చెడుతుంది, బోర్డు మళ్ళీ మొదటి నుంచి చూపాల్సిందే. కెమెరా లోపలి బ్యాటరీ ఈ తతంగం అంతా అయ్యేదాకా ఉండదు. మధ్యలో మార్చాలంటే మూత తీయాలి, తీస్తే కెమెరా కదులుతుంది. అందుకే బ్యాటరీ ఉండే చోట బ్యాటరీ ఆకారంలోనే ఉన్న ఒక ఉత్త డబ్బాను పెడతాం. దాన్ని డమ్మీ బ్యాటరీ అంటాం. దాని నుంచి ఒక తీగ బయటికి వస్తుంది, ఆ తీగకు బయటి నుంచి కరెంటు ఇస్తాం. ఇక కెమెరాను ముట్టుకోనక్కర్లేదు. కానీ బయటి కరెంటు పోయిందా, కెమెరాకు వేరే ఊపిరి ఉండదు.

చెట్టు పక్క పొలం రాజిరెడ్డిది. ఆయన మోటారు డబ్బా నుంచే మాకు కరెంటు ఇచ్చాడు. మంచి మనిషి, ఉత్సాహం పాలు కొంచెం ఎక్కువ. వోల్టేజీ కాస్త తక్కువగా ఉందని నేను మీటరు చూసి అన్న మాట చెవిన వేసుకొని, చుట్టుపక్కల రైతులందరి దగ్గరికీ బండి మీద తిరిగి వచ్చాడు.

"మోటార్లన్ని బంద్ పెట్టిచ్చిన మేడం. ఇయ్యాల పొద్దుగాల ఎవ్వడు నీళ్ళు పెట్టడు. ఇగ మీకు కరెంటు మస్తు అస్తది" అన్నాడు.

అన్నట్టే వోల్టేజీ పెరిగింది. మీటరు చూసి నాకు నెత్తిన పాలు పోసినట్టయింది. ముక్కూ మొహం తెలియని వాళ్ళ కోసం పొలాలకు నీళ్ళు ఆపుకునే రైతులు ఎక్కడుంటారు చెప్పండి. పాత పద్ధతిలో ఎక్కడం ఏ ఆటంకం లేకుండా అయిపోయింది. లింగయ్య దిగి, నీళ్ళు తాగి, కొత్త బెల్టు కట్టుకొని మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టాడు.

ఆయన మట్టల దాకా వెళ్ళాక కరెంటు ఒక్కసారి కన్ను మూసి తెరిచింది. ఎందుకో ఇప్పటికీ తెలియదు, ఏ తీగకు ఏ కొమ్మ తగిలిందో. ఆ రెప్పపాటుకు తట్టుకోవడానికి మా దగ్గర చిన్న యూపీఎస్ ఉంది. అది తట్టుకుంది కూడా. కానీ కరెంటు తిరిగి రాగానే చుట్టుపక్కల పొలాల్లో మోటార్లన్నీ ఒక్కపెట్టున గుర్రుమని లేచాయి! వోల్టేజీ అమాంతం పాతాళానికి పడిపోయింది. యూపీఎస్ కీచుమని అరిచి చేతులెత్తేసింది. కెమెరాల ఎర్ర దీపాలు ఒకదాని వెనక ఒకటి ఆరిపోయాయి.

ఈ ప్రాంతం రైతులకు ఈ ముక్క చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ళకు చెప్తాను. కరెంటు పోయి వస్తే రైతు పొలం దాకా పరుగెత్తకుండా మోటారు తనంతట తానే తిరగడానికి స్టార్టర్ డబ్బాలో ఆటో అని ఒక మీట ఉంటుంది. ఎర్ర బటన్ నొక్కితే మోటారు అప్పటికి ఆగుతుంది. ఆటో మీట వేసే ఉంటే, కరెంటు పోయి వచ్చిన మరుక్షణం అది మళ్ళీ లేస్తుంది. రాజిరెడ్డి మాట విని అందరూ బటన్ నొక్కారు, మీట జోలికి ఎవరూ పోలేదు. మోటార్లు మామూలుగా నడుస్తూ ఉంటే మాకు వోల్టేజీ కొంచెం తక్కువగా వచ్చేది, అంతే. రెప్పపాటు పోయినా, తిరుగుతున్న మోటార్లు ఆ ఊపులోనే అందుకునేవి, యూపీఎస్ ఎలాగో లాక్కొచ్చేది. పూర్తిగా నిలిచిన మోటారు లేచేటప్పుడు ఎన్నో రెట్లు కరెంటు గుంజుతుంది. అన్నీ ఆగి, అన్నీ ఒకేసారి లేవడం వల్లనే మా కొంప మునిగింది. మంచికి పోతే చెడు ఎదురైందంటారే, అదే ఇది.

లింగయ్య దిగి వచ్చి చెమట తుడుచుకుంటూ, "అచ్చిందా మేడం?" అని అడిగాడు.

మా టెక్నీషియన్ చెప్పాడు, రాలేదని. లింగయ్య మళ్ళీ బెల్టు సర్దుకోబోయాడు. అప్పుడు లేచింది ఎల్లవ్వ. చాట పక్కన పెట్టి, కొంగు బిగించి, నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏంది మేడం, మీ డబ్బాలు ఆగినప్పుడల్లా గాయిన ఎక్కుడేనా? మా ఆయన మనిషా, కోతా? మా బావ గుడ గిట్లనే ఇంకొక్కపారి, ఇంకొక్కపారి అని ఎక్కి పడ్డడు. మంచంల ఉన్నడు, పోయి చూసి రాండ్రి."

"నువ్వు ఊకోయే, రోజు ఎక్కుతనే ఉన్న గద" అన్నాడు లింగయ్య.

"నీ బువ్వకు ఎక్కుడు ఏరు, వీళ్ళ డబ్బాలకు ఎక్కుడు ఏరు" అని ఆయన నోరు మూయించి, మళ్ళీ నా వైపు తిరిగింది. "ఒక్కటే మాట చెప్తున్న. ఇంకొక్క పారి ఎక్కుతడు, గంతే. మల్ల ఆగినయనుకో, మీ పైపులు మీరు పట్టుకొని పోండ్రి."

ఆమె అన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. నాకు కోపం రాలేదు, పైగా ఆమె మీద గౌరవం పుట్టింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో కెమెరా ఆగితే ఎవరికి నష్టమని నన్ను ఇంత సూటిగా అడిగినవాళ్ళు లేరు. ఇంకొక్క అవకాశమే ఉందని అందరికీ అర్థమైంది.

రాజిరెడ్డి వచ్చి నెత్తి కొట్టుకున్నాడు. "ఎర్ర బుడ్డి ఒత్తుమన్న గని ఆటో తియ్యుమనలేదు మేడం. గదెవడు తీస్తడు, దానికి తుప్పు వట్టి ఉంటది. రేపు చూడుండ్రి, ట్రాన్స్‌ఫార్మర్ మీద ఫ్యూజులే గుంజేస్త!" అన్నాడు. ఫ్యూజులు గుంజితే మా కరెంటు కూడా పోతుందని ఆయనకు నచ్చజెప్పి, ఆయన మంచితనాన్ని అక్కడికి ఆపడమే పెద్ద పనైంది. ఆయన్ని చూసి నవ్వు వచ్చింది, ఆ రోజు మేము నవ్విన నవ్వు అదొక్కటే.

లైను కరెంటును ఇక నమ్మకూడదని నిర్ణయించాను. ఇన్వర్టర్‌కు వాడే పెద్ద బ్యాటరీలు నాలుగు కావాలి. సంస్థ ద్వారా కొనాలంటే కొటేషన్లు, మంజూరు, ఆర్డరు అయ్యేసరికి ఆ తాడిచెట్టు ఇంకో మూరెడు పెరుగుతుంది. మేము దిగిన లాడ్జి మేనేజరు, కోరుట్లలో ఖలీల్ భాయ్ అనే ఆయన పెండ్లిళ్ళకు, బరాత్‌లకు బ్యాటరీలు కిరాయికి ఇస్తాడని చెప్తే అటు బయల్దేరాను.

ఖలీల్ భాయ్ నా మాట సగం వినకముందే చెయ్యి అడ్డంగా ఊపాడు. "పెండ్లిల్ల సీజన్ మేడం. అన్ని బుక్ అయినయ్. నాలుగు గాదు, ఒక్కటి గుడ లేదు."

ఊరికే వెనక్కి రాలేక, ఎందుకు కావాలో చెప్పుకుంటూ పోయాను. చెట్టు, కెమెరాలు, ఆరిపోయిన దీపాలు, ఎల్లవ్వ మాట. ఆయన మధ్యలో ఆపాడు.

"ఠైరో మేడం. చెట్టు మీద మనిషి ఉంటడా?"

"ఉంటాడు."

"అరె, మరి గది ముందుగాల చెప్పాలె గద!"

లేచి, తన దుకాణంలో ఇన్వర్టర్ కింద ఉన్న రెండు బ్యాటరీలు ఊడదీశాడు. మిగతా రెండు తన ఇంట్లోంచి తెప్పించాడు. "మా అమ్మీ తిడతది. తిట్టనీ. రెండు రోజులు విసనకర్రతోని విసురుకుంటం" అన్నాడు. బ్యాటరీలతో పాటు తానూ ట్రాలీ ఆటో ఎక్కి వచ్చాడు. అందులో ఆసిడ్ ఉంటుంది, ఒరిగితే ఒలుకుతుంది, వేరేవాళ్ళ చేతికి ఇవ్వనన్నాడు. ఆ మనిషికి నేనెవరు, లింగయ్య ఎవరు? ఆ నాలుగు బ్యాటరీలను చూసినప్పుడు కలిగిన నిబ్బరం నాకు ఏ ప్రమోషన్ ఆర్డరు చూసినా కలగలేదు.

తీగలన్నీ కొత్తగా వేశాం. పొడుగాటి సన్న తీగలో కరెంటు చివరికి చేరేసరికి నీరసిస్తుంది, కాలువ చివరి మడికి నీళ్ళు అందనట్టు. అందుకని రెండేసి బ్యాటరీలు కలిపి వోల్టేజీ పెంచి, లావు తీగలో పైకి పంపి, ప్రతి కెమెరా దగ్గర ఒక చిన్న కన్వర్టర్ పెట్టి దానికి కావలసినంతకు తగ్గించాం. జోడీకి ఒకటి చొప్పున రెండు లైన్లు వేశాం. పక్కపక్క కెమెరాలు ఒకే లైను మీద ఉండకుండా, ఒకటి విడిచి ఒకటి కలిపాం. ఒక లైను చచ్చినా ప్రతి వైపూ చూసే కన్ను ఒకటి మిగలాలి. ప్రతి కెమెరాకూ సొంత ఫ్యూజు, ఒకదానికి దెబ్బ తగిలితే మిగతావి దానితో పోకూడదని. తీగ లాగినా కెమెరా కదలకుండా ప్రతి దాని దగ్గరా ఒక వదులు చుట్ట. ఆ తర్వాత గళ్ళ బోర్డు మళ్ళీ మొదటి నుంచి చూపాం.

లింగయ్య ఎక్కే ఉదయం ఎల్లవ్వ బీడీల చాట లేకుండా వచ్చింది. "ఈసారి ఆగవా?" అని అడిగింది. మాటలతో నమ్మించే పని కాదని నాకు తెలుసు. రాజిరెడ్డి డబ్బా నుంచి మాకు ఏ తీగా రావడం లేదని చూపించాను. దీపాలన్నీ వెలుగుతున్నాయి. తర్వాత ఆమె చేతే ఒక లైను ఊడదీయించాను. సగం ఆరాయి, సగం వెలుగుతూనే ఉన్నాయి. ఆమె తల ఎత్తి ఒక్కో దీపాన్నీ చూసుకుంటూ చెట్టు చుట్టూ తిరిగి వచ్చింది.

"ఇగ పో" అంది లింగయ్యతో.

ఆయన ఎక్కాడు. ఖలీల్ భాయ్ చెట్టు వైపు వీపు తిప్పి కూర్చున్నాడు. "చూస్తెనే కండ్లు తిరుగుతయ్ మేడం, నేను మీటర్ చూస్త" అని, వోల్టేజీ పైకి చదువుతూ ఉన్నాడు. లింగయ్య మట్టల్లోకి చేరి, ఎడమకు వాలి, కత్తితో గీయడం మొదలుపెట్టాడు. ఉన్నట్టుండి ఆయన ఎడమ కాలు జారింది. మోకు సర్రున కిందికి వచ్చింది. ఎడమ చేతిలోని లొట్టి, కల్లు నిండిన కుండ, జారి, పైపుకు తగిలి పగిలి, కల్లంతా నా నెత్తిన పడింది. ఎల్లవ్వ అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

కొత్త పట్టీ బిగుసుకుంది. లింగయ్య మూరెడు జారి ఆగిపోయాడు. రెండు చేతులతో చెట్టును కరుచుకొని కాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత కాళ్ళు కుదుర్చుకొని, మోకు సర్దుకొని, మెల్లగా దిగి వచ్చాడు. ఎల్లవ్వ ఆయన రెండు భుజాలూ పట్టుకొని ఊపి ఊపి తిట్టింది, తిడుతూనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కల్లు కారుతున్న మొహం కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఆ పెంకు దెబ్బకు ఒక కెమెరా తీగ తెగింది. దాని ఫ్యూజు ఒక్కటే పోయింది. మిగతా పదకొండూ ఆ జారుడును మొదటి నుంచి చివరి దాకా తీశాయి. సాయంత్రం కల్లు వాసనతో నేను లాడ్జి మెట్లెక్కుతుంటే మేనేజరు చూసిన చూపు గురించి చెప్పకపోవడమే మంచిది.

బెల్టు ఆపింది కాబట్టి అందరూ సంబరపడ్డారు. ల్యాబ్‌లో ఆ క్షణాన్ని నెమ్మదిగా తిప్పి చూశాక సంబరం చల్లారింది. జారినప్పుడు బెల్టు నడుము మీది నుంచి పక్కటెముకల దాకా ఎగబాకింది. ఎడమ పక్కన పట్టీని బిగించే క్లిప్పు మోచేతి కింద ఇరుక్కొని సగం తెరుచుకుంది. ఇంకొంచెం బరువు పడి ఉంటే పూర్తిగా ఊడేది. పైన ఉన్న లింగయ్యకు ఆ సంగతి తెలియలేదు, కింద ఉన్న మాకూ తెలియలేదు. ఎడమ వైపు నుంచి చూసిన కెమెరాలకే తెలిసింది.

బెల్టులు కుట్టేది సిరిసిల్లలో ఒక చిన్న కుట్టు కేంద్రం. డ్రాయింగులు మారిస్తే సరిపోయేది కానీ, నేను ల్యాప్‌టాప్ పట్టుకొని స్వయంగా వెళ్ళాను. అక్కడి సూపర్‌వైజరు పద్మ, ఆమెతో కుట్టే ఆడవాళ్ళు అందరూ మిషన్లు ఆపి చుట్టూ చేరారు. క్లిప్పు తెరుచుకునే చోట నేను బొమ్మను ఆపాను. పద్మ దాని మీద వేలు పెట్టి, "గీ క్లిప్పు నేనే కుట్టిన మేడం. డ్రాయింగుల గాడనే ఉండె" అంది మెల్లగా. తప్పు ఆమెది కాదని, కల్లు గీసేటప్పుడు మనిషి ఎటు వాలతాడో డ్రాయింగు గీసినవాళ్ళకు తెలియలేదని చెప్పాను. కొత్త డ్రాయింగులో క్లిప్పు ముందుకు వచ్చింది, బెల్టు పైకి ఎగబాకకుండా తొడల కింద ఇంకో పట్టీ వచ్చింది. మార్చిన మొదటి బెల్టు పద్మే కుట్టి, తన బరువంతా వేసి వేలాడి చూసి మరీ పంపింది. లింగయ్య ఇప్పుడు రోజూ ఎక్కేది ఆ బెల్టుతోనే.

ఖలీల్ భాయ్‌కి, రాజిరెడ్డికి, అందరికంటే ఎక్కువగా ఎల్లవ్వకు నేను రుణపడి ఉన్నాను. ఆమె ఆ రోజు నన్ను నిలదీయకపోతే మోటార్లన్నిటి ఆటో మీటలు తీయించి, అదే లైను కరెంటు మీద మళ్ళీ ఎక్కించి ఉండేవాళ్ళమేమో. తర్వాత ల్యాబ్‌లో చేరిన ఇంజనీర్లకు వోల్టేజీ, తీగల లావు, ఫ్యూజులు నేర్పేముందు ఈ సంగతి చెప్పేదాన్ని. కెమెరా ఆగితే మళ్ళీ ఎక్కమని మనిషిని బతిమాలుకోవచ్చు. ఆయన మంచివాడైతే ఎక్కుతాడు కూడా. మళ్ళీ జారమని మాత్రం ఎవరినీ అడగలేం.